వాకిట్లో చెప్పిన పేరు

“ఆ కిటికీ వేసెయ్యండి సిస్టర్, రోడ్డు మీద అరుపులకి మనకి మిషన్ శబ్దం వినపడదు” అని చిన్న డాక్టరమ్మ జాహ్నవి అనడం భారతమ్మకు వినిపించింది గాని, అటు తిరిగి చూసే వీలు లేదు. తల కదపొద్దన్నారు. మెడ వెనక వెన్నుపూసల సందులోంచి లోపలికి పంపిన సన్నటి తీగ ఒకటి ఉంది. దాని కొస బయటికొచ్చి, భుజం మీద ప్లాస్టరు కింద నక్కి, పక్క బల్ల మీదున్న చిన్న పెట్టెలోకి పోయింది. అందుకని కళ్ళు మాత్రమే కిటికీ వైపు తిప్పింది. కొండకు పోయే బస్సేదో ఆసుపత్రి గోడ పక్కన నిలిచినట్టుంది, అందులో జనమంతా ఒక్క గొంతుతో ఏదో అరిచారు. ఆ అరుపు సగం లోపలికి వచ్చింది, సిస్టరు రెక్క లాగేసరికి సగం బయటే ఉండిపోయింది. ఏమన్నారో భారతమ్మకు పట్టుబడలేదు. ఈ మధ్య అంతా ఇట్లాగే ఉంది. మోత తెలుస్తుంది, మాట తెలియదు. అన్నం కుతకుతమంటే అన్నమని తెలుస్తుంది గాని అన్నం అనే మాట పొయ్యి వెనక్కు పోయి దాక్కుంటుంది. పోనీలే, బస్సులో వాళ్ళు ఏమనుకుంటే మనకేం అనుకుని ఆమె పైకప్పు వైపు చూసింది. పైకప్పుకు ఒక పెచ్చు లేచి ఉంది. ఎంత పెద్దాసుపత్రి అయినా పెచ్చు పెచ్చే.

చెవి ముందర, కణత దగ్గర, చల్లటి జిగురేదో పూసి దాని మీద పెన్నులాంటిది ఆనించారు. ఆనించగానే గదిలో ఒక శబ్దం పుట్టింది. ష్షు… ష్షు… ష్షు… అని, ఎవరో గుమ్మం బయట నిలబడి చాటలో నూకలు చెరుగుతున్నట్టు. “అదేం… అదేం…” అంది భారతమ్మ. సద్దు అన్న మాట నాలుక కొసదాకా వచ్చి కూర్చుంది, లేవనంది. పెద్ద డాక్టరు చక్రధర్ సారు పుత్తూరు మనిషి, సగం మాటతోనే అందుకున్నాడు. “నీ నెత్తురే మా. తల్లోకి ఎక్కే నెత్తురు. ఇను, ఎంత సన్నంగా పోతాందో.” విని ఆమె సిగ్గుపడింది. నలభై తొమ్మిదేళ్ళు తన ఒంట్లో తిరిగిన నెత్తురు తనకొక్కనాడూ వినబడలేదు, ఇప్పుడు ముగ్గురు పరాయివాళ్ళు చుట్టూ చేరి వింటున్నారు. కొంగు సవరించుకుందామని కుడిచేయి ఎత్తబోయింది. అది సోమరిగా కాస్త లేచి మళ్ళీ పడుకుంది. ఆ చెయ్యి మొదట్నుంచీ పనిదొంగ కాదు పాపం. గానుగ దగ్గర చెరుకు అందించిన చెయ్యి, పెనంలో పాకం తిప్పిన చెయ్యి. మాటలతోపాటే దానికీ సత్తువ తగ్గింది.

ఎడమపక్క మెదడుకు నెత్తురు తీసుకుపోయే గొట్టం సన్నబడిందని సారు మొన్ననే కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. బొమ్మ అక్కర్లేకుండానే ఆమెకు అర్థమైంది. ఐరాల దగ్గర వాళ్ళ చేనుకు నీళ్ళు కట్టేది ఆమే. మోటారు బాగా పోస్తున్నంతసేపూ అన్ని మళ్ళూ తాగుతాయి. ఓల్టేజి పడిపోయి ధార సన్నబడిందంటే మొదటి మళ్ళు తాగుతాయి, కొస మడి నోరు తెరుచుకుని చూస్తూంటుంది. తన తలలో మాటలుండేది కొస మడిలో అన్నమాట. మరి ఈ తీగేం చేస్తుందని ఆయన అడిగాడు అప్పుడు, భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని. ఆయనంటే ఆమె భర్త. పేరు ఆమె చెప్పలేదు, చెప్పదు కూడా. ఆమె చెప్పని పేరు మనం ముందుగా చెప్పేయడం మర్యాద కాదు కాబట్టి మనమూ ఆయన అనే అందాం. సారు ఆయనకు నిదానంగా చెప్పాడు. “కరెంటు నెత్తురును తొయ్యదబ్బా. వెన్నులో నరాలుంటాయి, వాటిని తట్టి లేపుతుంది. అవి పైకి కబురు చేస్తాయి, తల్లో గొట్టాలు కొంచెం వదులైతాయి, నెత్తురు ఎక్కువ పారుతుంది. అట్లని పుస్తకాల్లో ఉండాది. అందరికీ అయితాదని లేదు. ఈమెకు అయితాదా లేదా, శుక్రవారం ఒక గంట కూర్చుని సూస్తాం. అయితే పెట్టెను చర్మం కింద పెడతాం. కాకపోతే తీగ లాగేస్తాం. నష్టమేం లేదు.”

నష్టమేం లేదనేది సారు మాట. తీగ లాగేస్తే ఏం పోతుందో భారతమ్మకు తెలుసు. పోవడం ఎప్పుడో మొదలైంది. కొడుకు మునిశేఖరు సూళ్ళూరుపేట రూట్లో కండక్టరు, పోయిన చలికాలంలో పులికాట్ పక్కనుంచి సంచీ నిండా రొయ్యలు తెచ్చాడు. ఆమె వాటిని ఒలిచి కడిగి, ఉప్పూ పసుపూ వేసి, “శేఖరూ, బొద్దింకలు శుభ్రం చేసిపెట్టినా, పులుసు పెట్టేదా, ఏపుడు చేసేదా?” అంది. ఇల్లంతా పడీపడీ నవ్వింది. ఆమె కూడా నవ్వింది. కడుపు నిండా తిన్నారు, బొద్దింకల పులుసు అమోఘమన్నారు. వారం తిరక్కుండా చెంబు అడగబోయి చీపురు అడిగింది, అప్పుడూ నవ్వారు. ఒకనాడు వాకిట్లో ఆవుపెయ్య తాడు తెంపుకుని పరిగెత్తుతుంటే, పట్టుకోండి పెయ్యను అని అరవాల్సింది పోయి చెయ్యి చూపిస్తూ “అది… అది… అది…” అని నిలబడిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఆయన పెయ్యను వదిలేసి ఆమె దగ్గరికి వచ్చాడు.

“భారతమ్మగారూ, నేనడిగినవి మళ్ళీ అడుగుతాను. తొందరేం లేదు, నిదానంగా చెప్పండి” అంది జాహ్నవి. తెనాలి వైపు పిల్ల, మాట మెత్తన, అండీ లేకుండా ఆవులించను కూడా ఆవులించదు. “మీ పేరేంటండి?” “బా… భారతమ్మ.” అది పోలేదు. అది ఎట్లా పోతుంది, ఊళ్ళో భారతం ఆడించిన నాడు, అర్జునుడి వేషం కట్టినవాడు తపస్సు మాను ఎక్కుతుంటే జనమంతా పైకి చూస్తున్నప్పుడు కింద పుట్టిన పిల్లాయె. “మీ ఊరు?” “ఐ… ఐరాల.” “ఇదేంటండి?” తాళంచెవి చూపించింది. భారతమ్మ దాన్ని ఎరుగును. దాంతో ఏం చేస్తారో ఎరుగును, పోతే ఎంత తిట్లు తినాలో ఎరుగును. పేరు మాత్రం ఎరగదు. చేత్తో తిప్పి చూపించింది. “పర్లేదండి. మీవారి పేరు?” ఇదిగో, మళ్ళీ వచ్చింది ఆ ప్రశ్న. భారతమ్మ కళ్ళు మూసుకుంది.

మొదటిసారి ఈ ప్రశ్న అడిగింది తీగ వెయ్యకముందు, వార్డులో. అప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. ఎడమచేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మా శేఖరు నాయన” అంది. “అది కాదండి, పేరు.” భారతమ్మ తల అడ్డంగా ఊపింది. “పోనీ, కేసుషీటు చూసి మొదటి అక్షరం చెప్పనా?” “వద్దు, వద్దు” అంది గబగబా, ఆ పిల్ల ఎక్కడ పైకి అనేస్తుందో, నలుగురు ఆడవాళ్ళు ఎక్కడ వింటారో అని. ఆ రెండు వద్దులు ఎంత శుభ్రంగా వచ్చాయంటే జాహ్నవి ఆశ్చర్యపోయింది. తర్వాత పెద్ద సారుతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అందులో హస్బెండ్ అన్న మాటా, నిల్ అన్న మాటా భారతమ్మకు తెలిశాయి. నిల్ అంటే సున్నా అని బెల్లం మండీకి పోయొచ్చే ప్రతి మనిషికీ తెలుసు. ఓసి పిచ్చిపిల్లా, మర్చిపోయి కాదే, మొగుడి పేరు ఎట్లా పలుకుతారే ఆడోళ్ళు, మీ తెనాల్లో పలుకుతారా అని మనసులోనే అనుకుని, ఈ సంగతి ఆయనతో చెప్పి నవ్వించాలనుకుంది. చెప్పాలంటే ముందు మాటలు కూడబెట్టుకోవాలి కదా. ‘నీ పేరు అడిగిందబ్బా ఆ పిల్ల, నేను చెప్పలా, నాకు మతిపోయిందని రాసుకున్యాది’ అని మనసులో వరస పేర్చుకుంటూ, ఆ పేరును ఊరికే ఒకసారి లోపల తలుచుకోబోయింది. లోపల తలుచుకోవడానికి ఏ ఆచారమూ అడ్డం లేదు. తలుచుకోబోతే అక్కడ అది లేదు.

అప్పట్నుంచి ఆమె నవ్వలేదు. నోటికి రాకపోవడం వేరు, ఆ చోటే ఖాళీగా ఉండడం వేరు. చెంబు పోయిందంటే రోజూ పిలిచే మాట కాబట్టి పోయిన నాడే తెలిసింది. ఈ పేరు ఎన్నడు పోయిందో ఎట్లా తెలుస్తుంది? ముప్పై ఏళ్ళుగా దాని జోలికి పోలేదు. పెట్టెలో అడుగున పెట్టిన పెళ్ళిచీర, చెద పట్టినా పైకి తెలియదు. నిన్న పోయిందా, మొన్న పోయిందా, రొయ్యలు బొద్దింకలైన నాడే పోయిందా? ఎవర్నని అడుగుతుంది? ఆయన్ని అడగాలా, నీ పేరేందబ్బా అని? రోజూ ఆయనే తల దువ్వుతున్నాడు, కుడిచెయ్యి లేవదని. ఈ పొద్దు మెడ మీద వెంట్రుకలు ఉండకూడదంటే జుట్టంతా నెత్తి మీదికి లాగి, తన తువ్వాలు అంచు చింపి ముడేశాడు. సిస్టరు చూసి, “ఏందమ్మా, గుళ్ళో అయ్యవారి మాదిరి ఉండావే” అని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వే ముఖంలోకి చూసి నీ పేరు నాకు తెలియదు అని ఎట్లా చెప్తుంది మనిషి. ఇక్కడికి పంపిస్తూ గుమ్మం దగ్గర, “ఏమడిగినా చెప్పేయ్ మే. దేనికీ ఎనకాడొద్దు. నేనీడనే బెంచీ మింద ఉంటా” అన్నాడు. ఏమడుగుతారో ఆయనకేం తెలుసు.

ష్షు… ష్షు… ధార అట్లాగే ఉంది, సన్నగా. పెట్టె దగ్గర టిక్కుమని ఏదో చిన్న చప్పుడైంది. “మా, నేను కరెంటు పెట్టేటప్పుడు చెప్పను, తీసేటప్పుడు చెప్పను. చేతుల్లో తిమ్మిరి ఎక్కినట్టు అనిపిస్తే కన్ను ఆర్పు” అన్నాడు చక్రధర్ సారు. తిమ్మిరి అంటే భారతమ్మకు ముందు గుర్తొచ్చింది అత్త. కొత్తకోడలు పిలిచిన వెంటనే పలక్కపోతే, “ఏం మే, తిమ్మిరెక్కిందా?” అనేది. పొగరుకూ అదే మాట, కాలు మొద్దుబారితే అదే మాట. ఈ వయసులో డాక్టరే కరెంటు పెట్టి తిమ్మిరెక్కిస్తానంటున్నాడు, అత్త ఉంటే వినాల్సిన మాట. ఇంతలో మెడ కిందనుంచి రెండు భుజాల మీదికి సన్నగా చీమలు బయల్దేరాయి. కుట్టే చీమలు కావు, వరసలో పనికి పోయే చీమలు. మోచేతులు దాటి వేళ్ళదాకా పోయాయి. ఆమె కన్ను ఆర్పింది. “మంచిది” అన్నాడు సారు. అందరూ ఆ చాట చప్పుడే వింటున్నారు. మార్పేం లేదు.

మార్పేం లేకపోతేనేం, పడుకోవడానికి చల్లగా ఉందనుకుని ఆమె మనసు మళ్ళీ ఆ పేరు వెతకబోయింది. అమ్మ దగ్గర మొదలుపెట్టింది. అమ్మ వడమాలపేట తాయమ్మ. మొగుడి పేరు నోట పలికితే ఆయన ఆయుస్సు తరుగుతుందని నేర్పింది ఆమే. నాయన పేరు పెంచలయ్య. ఆ ముక్క ఇంత సులువుగా వచ్చినందుకు భారతమ్మకు ఒళ్ళు మండింది, అమ్మ మొగుడి పేరు ఉంది, తన మొగుడి పేరు లేదు. నాయన పేరు పెంచలయ్య కాబట్టి అమ్మ జన్మలో పెంచు అన్న మాట అనలేదు. మంట పెంచమనేది కాదు, పెద్దది చెయ్యమనేది. నిన్ను పెంచినా అనేది కాదు, సాకినా అనేది. పక్కింటావిడ కావాలని, “ఏం తాయమ్మా, బియ్యం ధర ఏం చేసినారంట?” అని అడిగితే, “పైకెక్కించినారంట” అని తప్పించుకునేది. భారతమ్మ పెళ్ళి కుదిరాక వరుడి పేరు చెప్పి అమ్మ తల పట్టుకుంది. “నా కొంపలో ఒక్క మాటకే కరువొచ్చె. నీకు ఈ తిరపతి సుట్టుపక్కల నోరిప్పే దారే లేకపాయె కదే” అంది. ఏమంత చిక్కు వచ్చిందో ఆ పేరుతో? అమ్మ తల పట్టుకోవడం కనిపిస్తోంది, ముక్కు మీద బేసరి మెరవడం కూడా కనిపిస్తోంది, పేరు చెప్పే ఆ ఒక్క క్షణం అమ్మ నోరు ఉత్తినే కదులుతోంది. కుప్పమ్మ వదినదీ అదే సంగతి. ఆయనకు అక్క, అందువల్ల తమ్ముణ్ణి పేరు పెట్టి ఊరంతా దద్దరిల్లేట్టు పిలుస్తుంది, సంగటి చల్లారుతుంటే గట్టు మీద నిలబడి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి. గట్టు ఉంది, చేతులున్నాయి, ఆ గొంతూ ఉంది. అందులో పేరుండే చోట గాలి మాత్రం ఉంది.

అయినా ఒక్కసారి చెప్పింది తను. ఎందుకు చెప్పలేదు, ఒక్కసారి చెప్పింది! పెళ్ళయి అత్తింట్లో అడుగు పెట్టే పూట, కుప్పమ్మ వదిన వాకిలికి అడ్డం నిలబడి రెండు చేతులూ చాచి, “పేర్లు చెప్పి లోపలికి రాండి” అంది. ఆ పూటకు ఆచారమే చెప్పమంటుంది. ఒక్క పూట చెప్పించి జన్మంతా మూయిస్తుంది, ఆచారానికి మన మాదిరి తిక్క ఉంది. ఆయన టక్కున, “నేనూ, భారతీ వచ్చినాం” అన్నాడు. అందరూ ఈమె వైపు తిరిగారు. మెడలో పూలదండ బరువు, కాళ్ళ కింద తడి ముగ్గు, వెనకనుంచి ఎవరో వీపు పొడుస్తున్నారు. ఆమె చెప్పింది. పెదాలు కదిలాయి, ఊపిరి అంత మాట వచ్చింది. “మాకినబళ్ళేదు! గెట్టిగా చెప్పల్ల!” అంది వదిన. ఆడవాళ్ళంతా గెట్టిగా, గెట్టిగా అని చప్పట్లు కొట్టారు. ఆమెకు ఏడుపొచ్చేట్టుంది. అప్పుడు పక్కనున్న ఆ కొత్త మనిషి, ఇంకా ముఖం సరిగా చూడని మనిషి, నిదానంగా అన్నాడు. “నాకినబడిందిలే అక్కా. వాకిలి ఇడువు.” ఆ మాటకు ఆమె అతన్ని ఇష్టపడింది. ప్రేమ అని ఆ కాలంలో ఎవరూ అనేవాళ్ళు కాదు గాని అది అదే. తర్వాత చెరుకు ఎండిన సంవత్సరాలూ, అత్తతో మాట పట్టింపులూ అన్నీ ఆ మాట మీదే దాటింది. ఆ మాట ఉంది, చెక్కుచెదరకుండా ఉంది. ఆ మాటకు ముందు తను అన్న మాట లేదు.

చీమలు ఆగిపోయాయి. సారు తీసేసినట్టున్నాడు. జాహ్నవి ఇంకేవో వస్తువులు చూపించింది, రెండు వచ్చాయి, ఒకటి రాలేదు. “సార్, ఫ్లో పెద్దగా మారలేదు” అంది నెమ్మదిగా. పేషెంటు వింటుందని ఈ డాక్టర్లకు ఎందుకో తోచదు. “ఈసారి కొంచెం ఎక్కువ పెట్టి, ఎక్కువసేపు ఉంచుదాం. దీంతో కాకపోతే తీసేద్దాం” అన్నాడు చక్రధర్ సారు. దీంతో కాకపోతే. భారతమ్మకు భయమేసింది, కాళ్ళ దగ్గర్నుంచి పైకి ఎక్కే భయం. తీగ లాగేసి దూది పెడతారు, ఊరికి పంపేస్తారు. పెయ్య, గంప, కొడవలి, ఉప్పు, శేఖరు, ఒక్కొక్కటే లేచి వెళ్ళిపోతాయి, తిరునాళ్ళయ్యాక బండ్లు పోయినట్టు. ఆఖరికి చెయ్యి చూపించి అది అది అనే ముసలిది మిగులుతుంది. ఆయన దానికి అన్నం కలిపి పెడతాడు. అన్నీ పోనీ అనుకుందామె. సంగటి పోనీ, చెంబు పోనీ, ఆ పేరు ఒక్కటీ ఉండనీ నాకు. పలకను, ఎవరికీ చెప్పను, లోపల పెట్టుకుంటా. ఒకవేళ వస్తే? వస్తే పైకి చెప్పకుండా వీళ్ళకు ఎట్లా తెలుస్తుంది వచ్చిందని? చెప్తే ఆయన ఆయుస్సు తరుగుతుందే. చెప్పకపోతే తీగ లాగేస్తారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అనేది ఇదే కాబోలు. దేనికీ ఎనకాడొద్దు మే అన్నాడు ఆయనే. ఆయన ఆయుస్సు ఆయనది, ఆయనే ఒప్పుకున్నాక అమ్మకేం అనుకుని, చచ్చిపోయిన అమ్మతో కాసేపు పోట్లాడింది.

టిక్. చీమలు మళ్ళీ బయల్దేరాయి. ఈసారి వరస లేదు, పుట్ట పగిలినట్టు వచ్చాయి. మెడ, భుజాలు, రెక్కలు, అరచేతులు అన్నీ గుయ్యిమన్నాయి. ఆమె కన్ను ఆర్పింది. ష్షు… ష్షు… అదే చప్పుడు. భారతమ్మ ఇక పేరు వెతకలేదు. వెతికి వెతికి విసుగొచ్చింది, కొండ గుర్తొస్తే కొండ మీదికి పోయింది. శేఖరు పుట్టెంట్రుకలకు పోయినప్పటి కొండ. చంటివాడు ఆయన భుజం మీద, గుండు మీద చందనం. కుప్పమ్మ వదిన వెనక. కంపార్ట్‌మెంటులో కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కాయి. అంతలో గేటు తీశారు, జనమంతా ఒక్కసారి లేచి అరిచారు. ఇందాక బస్సులో అరిచిన అరుపే అది. ష్షూ… ష్షూ… చప్పుడు కొంచెం లావైందా? మోటారు వేసిన కొత్తల్లో గొట్టంలో ముందు గాలి, తర్వాత బురద, తర్వాత ఒక్కసారి నిండుధార వస్తుందే, అట్లా. అందరూ అరుస్తున్నారు, తను ఒక్కతే అరవడం లేదు. ఎందుకు అరవలేదు? కుప్పమ్మ వదిన మోచేత్తో పొడిచి, “అందరూ అరస్తాండారు, నువ్వేందే నోట్లో బెల్లమేసుకున్నెట్ల!” అని పకపకా నవ్వింది. ఆ నవ్వులో ఏదో గుట్టు ఉంది. తను కొంగు నోట్లో కుక్కుకుంది. ఎందుకు? దేవుడి దగ్గర సిగ్గెందుకు? ష్షూఁ… ష్షూఁ… ష్షూఁ… “సార్” అంది జాహ్నవి, గొంతు మారింది. “చూస్తాండా, ఉండు” అన్నాడు సారు. కొండ మీద ఆయన ముందు నడుస్తున్నాడు, జనం అరిచినప్పుడల్లా చంటివాణ్ణి ఎగరేస్తూ వెనక్కి తిరుగుతున్నాడు. తిరిగి ఆమె చెవి దగ్గరికి వంగాడు. “సూడు మే, అందరూ నన్నే పిలస్తాండారు. నువ్వు తప్ప.”

నవ్వుతూ అన్నాడు గాని అది ఉత్త నవ్వు కాదు. ఆ కళ్ళలో చిన్న కోరిక ఉంది, ఇన్నేళ్ళూ చూసీ చూడనట్టు పోయింది తను. అందరూ ఆయన్ని పిలవడమేంది? కొండ మీదికి వచ్చినవాళ్ళు ఆయన్నెందుకు పిలుస్తారు? తలలో కొస మడికి తడి తగిలింది. ఎండి నెర్రెలిచ్చిన చోట నీళ్ళు పడితే ముందు మట్టి వాసన వస్తుందే, అట్లా మాటకన్నా ముందు దాని వాసన వచ్చింది, చందనమూ కర్పూరమూ చెమటా కలిసిన వాసన. కుప్పమ్మ వదిన గట్టు మీద నోటికి చేతులు అడ్డం పెట్టింది. అమ్మ తల పట్టుకుంది. బస్సు కిటికీలో జనం నోళ్ళు తెరిచారు, అందరి పెదాలూ ముందు గుండ్రంగా అయ్యాయి. భారతమ్మ పెదాలు కూడా గుండ్రంగా అయ్యాయి. “మీవారి పేరు?” అని జాహ్నవి అడుగుతోంది ఎక్కడో. ముప్పై ఏళ్ళు నోట్లో పెట్టుకున్న బెల్లం కరిగింది. వాకిట్లో చెప్పినట్టు ఊపిరంత చెప్పాలని ఆమె అనుకున్న మాట నిజమే గాని, అది ఇన్నాళ్ళూ అణిగి ఉన్న మాటాయె, చెప్పినట్టు వింటుందా?

“గోవిందా!”

గదిలో సిస్టరు చేతిలోని దూది పళ్ళెం అదిరిపడింది. జాహ్నవి మెత్తగా నవ్వింది, ఆమె చెయ్యి నిమిరింది. “దేవుణ్ణి తర్వాత తలుచుకుందురుగాని భారతమ్మగారూ. ముందు మీవారి పేరు చెప్పండి.”

“ఆఁ, వస్తాండా!” అని బయటనుంచి బదులొచ్చింది.

తలుపు కాస్త తెరుచుకుంది. గోవిందు, ఇప్పుడిక మనమూ అనొచ్చు, చినిగిన తువ్వాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పిలిస్తే లేచి వచ్చేశాడు గాని, పిలిచింది ఎవరో సగం దారిలో తెలిసినట్టుంది, అందుకని గుమ్మం దాటలేకపోయాడు. మంచం మీద నెత్తిన ముడేసుకున్న మనిషి వైపు చూశాడు. ఆమె తల కదపకుండా కళ్ళు మాత్రం ఆయన వైపు తిప్పింది, తప్పు చేసిన పిల్ల మాదిరి. ధార నిండుగా పోస్తూనే ఉంది. చక్రధర్ సారు ఒక చేత్తో కళ్ళద్దాలు తీసి, ఇంకో చేతిని స్విచ్చి మీదనుంచి పక్కకు జరిపి, జాహ్నవి ముందున్న కేసుషీటు మీద భర్త పేరు రాసిన చోట వేలు పెట్టాడు. ఆ పిల్ల చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“సారీ అండి, నాకు తెలియక…” అంది గోవిందు వైపు తిరిగి. “ఇంకొక్కసారి చెప్పించమంటారా, రాసుకోవాలి…”

“ఎందుకులే మా” అన్నాడు గోవిందు. “నాకినబడింది.”